విదేశీ పర్యాటకులు వస్తే ఆతిథ్య దేశానికి ఏం లాభం? తరచుగా అడిగే ప్రశ్నలు

"ఈ ఏడాది ఇన్ని లక్షల మంది విదేశీయులు మా దేశానికి వచ్చారు" అని పర్యాటక శాఖలు ఏటా ప్రకటిస్తుంటాయి. వచ్చినవాళ్ల సంఖ్య తెలుస్తుంది, సరే. వాళ్లు రావడం వల్ల ఆ దేశంలో బతుకుతున్నవాళ్లకు దక్కిందెంత? ఈ పేజీలో జవాబులన్నీ ఆ సంగతి గురించే.

ఇన్‌బౌండ్ టూరిజం అంటే ఏమిటి? విదేశం నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ టూరిస్టేనా?

వేరే దేశంలో నివాసం ఉన్నవాళ్లు ఏడాదిలోపు తిరిగి వెళ్లిపోయేలా, ఇక్కడ ఉద్యోగం చేసే ఉద్దేశం లేకుండా వస్తే అది ఇన్‌బౌండ్ టూరిజం. విహారానికే రావాలని లేదు. వ్యాపార సమావేశానికి వచ్చినవారు, తీర్థయాత్రికులు, ఆపరేషన్ చేయించుకోవడానికి వచ్చిన రోగి, పెళ్లికి వచ్చిన బంధువులు అందరూ ఈ లెక్కలోకే వస్తారు. చూసేది నివాసాన్నే, పౌరసత్వాన్ని కాదు. కాబట్టి వేరే దేశంలో స్థిరపడినవాళ్లు సెలవులకు సొంత దేశం వచ్చినా ఇన్‌బౌండ్ సందర్శకులే.

రోజూ సరిహద్దు దాటి పనికి వచ్చిపోయేవాళ్లు, విమానం మారడానికి ఎయిర్‌పోర్టు లోపలే ఆగినవాళ్లు, ఏళ్ల తరబడి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులు ఇందులోకి రారు. ఇంకొక్క తేడా గుర్తుంచుకోండి. కనీసం ఒక రాత్రి బస చేస్తేనే టూరిస్టు. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లను ఒకరోజు సందర్శకులుగా విడిగా లెక్కిస్తారు. ఈ తేడా ఎందుకంత ముఖ్యమో వెనిస్ విషయం వచ్చినప్పుడు తెలుస్తుంది.

ప్రపంచం మొత్తం మీద ఇలా ఎంతమంది ప్రయాణిస్తున్నారు?

ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ లెక్కల ప్రకారం 1950లో రెండున్నర కోట్ల మంది. 2019 నాటికి దాదాపు 146 కోట్లు. కోవిడ్ వచ్చిన 2020లో అందులో నాలుగింట మూడొంతులు తగ్గిపోయి, 2024కు మళ్లీ 140 కోట్లకు చేరింది. 2024లో ఫ్రాన్స్‌కు సుమారు 10 కోట్ల మంది, స్పెయిన్‌కు 9.4 కోట్ల మంది వెళ్లారు. ఆ రెండు దేశాల జనాభా కంటే ఇవి పెద్ద అంకెలు.

టూరిజాన్ని ఎగుమతి అంటారు. ఏ సరుకూ దేశం దాటకపోతే ఎగుమతి ఎలా అవుతుంది?

ఎగుమతికి గుర్తు ఓడ కదలడం కాదు, బయటి దేశంలో సంపాదించిన డబ్బు లోపలికి రావడం. విదేశీయుడు ఇక్కడ హోటల్ గదికి, టాక్సీకి, గైడుకు, మ్యూజియం టికెట్టుకు చెల్లించే ప్రతి పైసా అతని దేశంలో సంపాదించిందే. అందుకే దేశాల చెల్లింపుల ఖాతాల్లో దీన్ని సేవల ఎగుమతి కింద రాస్తారు. పెట్రోలు, మందులు, యంత్రాలు దిగుమతి చేసుకోవడానికి కావలసిన విదేశీ మారకద్రవ్యం ఇలా కూడా సమకూరుతుంది.

మామూలు ఎగుమతికి లేని సౌకర్యం దీనికి ఒకటుంది. కొనేవాడు తన ఖర్చులతో తానే సరుకు దగ్గరికి వస్తాడు. పడవెక్కించలేని సముద్రతీరం, పెట్టెలో పెట్టి పంపలేని అడవి, వందల ఏళ్ల నాటి వీధి కూడా ఆదాయం తెస్తాయి. ఫ్యాక్టరీలు పెట్టేంత స్థలం గానీ, గనులు గానీ, పెద్ద మార్కెట్టు గానీ లేని చిన్న దేశాలకు ఇదెంత పెద్ద ఆసరానో చరిత్రే చెబుతుంది. ఐక్యరాజ్యసమితి 'అత్యల్పంగా అభివృద్ధి చెందిన దేశాలు' అనే జాబితా ఒకటి నిర్వహిస్తుంది. అందులోంచి పైకి రావడం చాలా అరుదు. 2007లో కేప్ వెర్డీ, 2011లో మాల్దీవులు, 2014లో సమోవా వచ్చాయి. మూడూ ద్వీప దేశాలే, మూడింటికీ పర్యాటకమే ప్రధాన ఆధారాల్లో ఒకటి. మాల్దీవుల్లో మొట్టమొదటి రిసార్ట్ తెరుచుకున్నది 1972లో. అంతకుముందు ఆ దేశానికి తెలిసిన వ్యాపారం ముఖ్యంగా చేపలే.

పర్యాటకుడు ఇచ్చిన డబ్బు హోటల్ యజమాని జేబులోకే కదా పోయేది? మిగతావాళ్లకేం వస్తుంది?

చాలామందికి ఉండే అనుమానమే ఇది. హోటల్ గదిలో పరిచిన ఒక్క దుప్పటి వెంట నడిచి చూద్దాం. అతిథి గది ఖాళీ చేయగానే హౌస్‌కీపింగ్ అమ్మాయి ఆ దుప్పటి తీసి మూటలో వేస్తుంది. ఆమెది నెల జీతం. మూట లాండ్రీకి వెళుతుంది. చిన్న హోటళ్లకు సొంత లాండ్రీ ఉండదు కాబట్టి పట్నంలో ఎవరో బట్టలుతికే పని కాంట్రాక్టుకు తీసుకుని, నలుగురైదుగురిని పెట్టుకుని నడుపుతుంటారు. మూటలు మోసే వ్యాను వాడికి కిరాయి. ఉతకడానికి సబ్బు పొడి, నీళ్లు, కరెంటు. ఇస్త్రీ చేసేవాళ్లకు కూలి. కొన్ని నెలలకు ఆ దుప్పటి చిరుగుతుంది, కొత్తది కుట్టించాలి. బట్ట నేసినవారు, అంచు కుట్టిన దర్జీ లెక్కలోకి వస్తారు. వీళ్లలో సగంమందికి పైగా ఆ విదేశీయుడి ముఖం ఎప్పుడూ చూసి ఉండరు.

హోటల్లో జీతమందుకున్న అమ్మాయిది ప్రత్యక్ష ఉపాధి. లాండ్రీ, వ్యాను, దర్జీలది పరోక్ష ఉపాధి. వీళ్లంతా తమ సంపాదనతో సరుకులు కొని, పిల్లల ఫీజులు కట్టి, ఇల్లు బాగుచేయించుకుంటే అక్కడ మూడో విడత ఆదాయం పుడుతుంది. ఈ మూడింటినీ కలిపి గుణక ప్రభావం అంటారు. ఈ గొలుసులో ఎన్ని కొక్కేలు దేశం లోపలే ఉన్నాయన్నదాన్ని బట్టి లాభం పెరుగుతుంది, తరుగుతుంది. నా దృష్టిలో ఈ విషయం మొత్తానికీ గుండెకాయ ఇదే. తర్వాతి ప్రశ్న కూడా ఇదే అడుగుతోంది.

వచ్చిన డబ్బులో ఎంత దేశంలోనే నిలుస్తుంది?

కొన్నిచోట్ల చాలా తక్కువ. దీన్ని లీకేజీ అంటారు. విదేశీ కంపెనీ హోటలైతే లాభం ఆ కంపెనీ దేశానికి పోతుంది. ఆహారం, ఫర్నిచరు, మద్యం, లిఫ్టులు దిగుమతి చేసుకుంటే ఆ మేరకు డబ్బు వెనక్కి వెళ్లిపోతుంది. బుకింగ్ వెబ్‌సైట్ కమిషన్, విదేశీ విమాన సంస్థ టికెట్టు అసలు లోపలికే రావు. అన్నీ కలిపి ముందే చెల్లించే ప్యాకేజీ టూర్లలో ఇది మరీ ఎక్కువ. చిన్న వర్ధమాన దేశాల్లో పర్యాటక ఆదాయంలో 40 నుంచి 50 శాతం ఇలా బయటికి పోతుందని ఐక్యరాజ్యసమితి వాణిజ్యాభివృద్ధి సంస్థ అంచనా. చాలా వస్తువులు సొంతంగా తయారు చేసుకోగల వర్ధమాన దేశాల్లో ఇది 10 నుంచి 20 శాతమే. టూరిస్టులు అటూ ఇటూ ఒకే లెక్కన వచ్చినా, ఒక దేశానికి చిల్లు కుండలో పోసినట్టు, ఇంకో దేశానికి పొలానికి పారినట్టు అవుతుంది.

దీన్ని మార్చుకోవచ్చు. మాల్దీవుల్లో చాలాకాలం 'ఒక దీవికి ఒక రిసార్ట్' పద్ధతే నడిచింది. జనం ఉండే దీవులు వేరు, టూరిస్టుల దీవులు వేరు. రిసార్టులో పనిచేసే స్థానికుడికి జీతం వచ్చేదే గానీ, అతని ఊరికి ఒక్క టూరిస్టూ వచ్చేవాడు కాదు. 2010 ప్రాంతం నుంచి జనావాస దీవుల్లోనూ గెస్ట్‌హౌస్‌లు పెట్టుకోవడానికి దారి తెరిచారు. మాఫుషి లాంటి దీవుల్లో స్థానిక కుటుంబాలే గదులు కట్టి అద్దెకిచ్చాయి, పడవలు కొన్నాయి, డైవింగ్ నేర్పే దుకాణాలు తెరిచాయి. రిసార్టుకు వెళ్లే ధనికుడితో పోలిస్తే గెస్ట్‌హౌస్‌కు వచ్చేవాడు పెట్టే ఖర్చు తక్కువే. కానీ అందులో ఎక్కువ భాగం ఆ దీవిలోనే చేతులు మారుతుంది.

దొరికే ఉద్యోగాలు మంచివేనా?

కొన్ని మంచివి, చాలావరకు మామూలువి. పెద్ద డిగ్రీలు లేకుండానే పనిలో చేరే అవకాశం ఉండటం ఈ రంగానికి బలం. పల్లెల్లో, కొండ ప్రాంతాల్లో, దీవుల్లో వేరే పని దొరకని యువతకు ఇదే మొదటి జీతం అవుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ రంగంలో పనిచేసేవారిలో 54 శాతం మహిళలే. మొత్తం ఆర్థిక వ్యవస్థలో వారి వాటా 39 శాతం. అయితే మగవాళ్ల కంటే వాళ్లకు సగటున 14.7 శాతం తక్కువ జీతం వస్తోందని కూడా ఆ నివేదికే చెప్పింది. సీజన్ అయిపోగానే పని పోవడం, పీఎఫ్ లాంటి భద్రతలు లేకపోవడం ఇప్పటికీ తీరని సమస్యలు. ఉద్యోగాల సంఖ్య చూసి మురిసిపోయే ముందు అవి ఏడాదికి ఎన్ని నెలల ఉద్యోగాలో అడగాలి.

ప్రభుత్వ ఖజానాకు ఏమొస్తుంది?

వీసా రుసుము, హోటల్ బిల్లుపై పన్ను, ఎయిర్‌పోర్టు పన్ను, ప్రవేశ రుసుములు. ఇక్కడో సంగతి గమనించండి. టూరిస్టు పన్ను కడతాడు గానీ పింఛను అడగడు, పిల్లల్ని ప్రభుత్వ బడికి పంపడు.

కొన్ని దేశాలు ఈ పన్నును ఒక పనికి ముడిపెట్టాయి. నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇదే. విదేశీయులకు 1974లో తలుపులు తెరిచిన భూటాన్ ఒక్కో రాత్రికి సుస్థిరాభివృద్ధి రుసుము వసూలు చేస్తుంది. చాలాకాలం అది 65 డాలర్లు. 2022 సెప్టెంబరులో 200 చేశారు, ఏడాది తిరిగేసరికి 100కు దించారు. భారతీయులకైతే రాత్రికి 1,200 రూపాయలు. ఆ డబ్బు ఉచిత వైద్యం, ఉచిత విద్య, పర్యావరణం లాంటి వాటికి వెళుతుంది. మాల్దీవులు 2015లో 6 డాలర్లతో గ్రీన్ ట్యాక్స్ మొదలుపెట్టి, 2025లో రిసార్టులకు 12 డాలర్లు చేశాయి. కంబోడియాలో అంగ్‌కోర్ ఆలయాలకు విదేశీయుల ఒకరోజు టికెట్టు 37 డాలర్లు. అందులో 2 డాలర్లు పిల్లలకు ఉచితంగా వైద్యం చేసే కాంతాబోఫా ఆసుపత్రులకు చేరతాయి. ఎక్కడో పుట్టిన మనిషి ఆలయం చూడటానికి కొన్న టికెట్టు ఇంకెవరి బిడ్డకో మందు అవుతోంది.

పర్యాటకం వల్ల అడవులు, జంతువులు బతుకుతాయా, పాడవుతాయా?

రెండూ జరిగాయి. ముందు బతికిన కథ చెబుతాను.

కొండ గొరిల్లాలు ప్రపంచంలో రువాండా, ఉగాండా, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో మాత్రమే ఉన్నాయి. రువాండాలో వాటిని చూడాలంటే 2017 నుంచి పర్మిట్టు ధర 1,500 డాలర్లు. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు ఒక్క బృందమే వెళుతుంది. బృందంలో ఎనిమిది మందికి మించకూడదు, వాటి దగ్గర ఒక గంటకు మించి ఉండకూడదు. మనుషుల జబ్బులు వాటికి అంటుతాయి కాబట్టి దూరం పాటించాల్సిందే. దారి వెతికే ట్రాకర్లు, గైడ్లు, సామాను మోసే పోర్టర్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచే వస్తారు. ఒకప్పుడు వేటకు వెళ్లి తర్వాత ఈ పనిలో చేరినవాళ్లూ వారిలో ఉన్నారు. నేషనల్ పార్కుల పర్యాటక ఆదాయంలో 10 శాతం పార్కుల పక్క ఊళ్లకు ఇస్తారు. బడులు, ఆరోగ్య కేంద్రాలు, నీటి ట్యాంకులు దాంతో కట్టారు. అడవి పక్కనున్న రైతుకు బతికున్న గొరిల్లా వల్ల వచ్చే ఆదాయం కళ్లముందు కనిపించింది. మూడు దేశాల్లో కలిపి వాటి సంఖ్య వెయ్యి దాటింది. 2018లో వాటి స్థితిని 'తీవ్రంగా అంతరిస్తున్న' స్థాయి నుంచి ఒక మెట్టు మెరుగైన స్థాయికి మార్చారు. పశువైద్యులు, అటవీ రక్షకులు చేసిన కష్టం కూడా ఇందులో ఉంది, టూరిజం ఒక్కటే కారణమనడం వాళ్లకు అన్యాయం.

కోస్టారికాలో 1980ల నాటికి అడవి దేశ విస్తీర్ణంలో నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూగా పడిపోయింది. ఇప్పుడు సగానికి మించింది. అడవిని కొట్టేసి ఆ నేలను వేరే పనులకు మార్చడాన్ని నిషేధించిన 1996 చట్టం, ఇంధన పన్ను నుంచి చెట్లు కాపాడే భూయజమానులకు చెల్లింపులు, వీటికి తోడు అడవి చూడటానికి వచ్చే విదేశీయుల డబ్బు కలిసి పనిచేశాయి.

ఇక పాడైన కథ. ఫిలిప్పీన్స్‌లోని బొరకాయ్ దీవిలో మురుగు నేరుగా సముద్రంలో కలుస్తోందని 2018లో ఆరు నెలలు దీవినే మూసేశారు. థాయ్‌లాండ్‌లోని మాయా బే అదే ఏడాది మూసి, 2022 జనవరిలో గానీ తెరవలేదు. అక్కడి పగడాలు పడవల లంగర్లకు విరిగిపోయాయి. మనుషులు రావడం ఆగాక చిన్న సొరచేపలు ఆ తీరానికి మళ్లీ వచ్చాయి.

పాత కట్టడాలకు, కళలకు మేలేనా?

నిర్వహణకు డబ్బు దొరకడం పెద్ద మేలు. పైకప్పు కారుతున్న పాత భవనం హోటల్‌గా మారితే నిలబడుతుంది, ఎవరికీ అక్కరలేకపోతే కూలిపోతుంది. చేతివృత్తుల వాళ్లకు కూడా తమ పని విలువ తెలిసిన కొనుగోలుదారులు దొరుకుతారు. అయితే రాత్రంతా సాగాల్సిన ప్రదర్శన ఇరవై నిమిషాల ముక్కగా మారడం, చేత్తో చేసిన వస్తువు పక్కన ఫ్యాక్టరీ నకలు చౌకగా అమ్ముడవడం కూడా చూస్తుంటాం. ఏది అసలుదో చెప్పే ముద్ర, సరైన ధర ఉంటేనే కళాకారుడికి మిగిలేది.

టూరిజంతో సంబంధం లేని మామూలు మనిషికి ఏదైనా ఒరుగుతుందా?

రోడ్డు, మంచినీళ్లు, ఆసుపత్రి, ఫోన్ సిగ్నల్ టూరిస్టుల కోసం వచ్చినా స్థానికులూ వాడుకుంటారు. విమానాల విషయం చాలామంది గమనించరు. ప్రపంచ విమాన సరుకు రవాణాలో దాదాపు సగం, కోవిడ్‌కు ముందు, ప్రయాణికుల విమానాల పొట్టలోనే వెళ్లేది. టూరిస్టుల వల్ల ఒక నగరానికి రోజూ విమానం తిరిగితే పూలు, చేపలు, మందులు ఎగుమతి చేసేవాళ్లకు కూడా దారి ఏర్పడుతుంది.

కష్టాల్లో ఉన్న దేశాన్ని పర్యాటకం గట్టెక్కించగలదా?

ఐస్‌లాండ్‌ను చాలావరకు గట్టెక్కించింది. 2008లో అక్కడి మూడు పెద్ద బ్యాంకులూ కుప్పకూలి, కరెన్సీ విలువ దారుణంగా పడిపోయింది. ఆ పడిపోవడం వల్లే విదేశీయులకు ఐస్‌లాండ్ చవకైంది. 2010లో అగ్నిపర్వతం పేలి యూరప్ విమానాలు ఆగిపోయినప్పుడు ప్రపంచమంతా ఆ దేశం పేరు విన్నది. 2010లో ఐదు లక్షల లోపున్న సందర్శకులు 2018కి 23 లక్షలు దాటారు. అప్పటి జనాభా మూడున్నర లక్షలే. విదేశీ మారకద్రవ్యం తెచ్చిపెట్టడంలో చేపల పరిశ్రమను కూడా పర్యాటకం దాటేసింది.

దాని మీద ఎక్కువగా ఆధారపడితే ఏమవుతుందో శ్రీలంకలో చూశాం. 2018లో 23 లక్షల మంది వచ్చి సుమారు 440 కోట్ల డాలర్లు ఖర్చు చేశారు. 2019 ఏప్రిల్‌లో ఈస్టర్ రోజున బాంబు పేలుళ్లు, ఆ వెంటనే కోవిడ్. 2021లో వచ్చినవాళ్లు రెండు లక్షలు కూడా లేరు. పన్నుల కోత, అప్పుల భారం, రసాయన ఎరువుల నిషేధం లాంటి వేరే తప్పులతో కలిసి ఈ డాలర్ల కొరత 2022 ఏప్రిల్‌లో దేశాన్ని అప్పులు కట్టలేని స్థితికి తెచ్చింది. 2024లో మళ్లీ 20 లక్షలు దాటడం ఆ దేశం కోలుకోవడానికి బాగా అక్కరకొచ్చింది.

ఇంత లాభం ఉంటే కొన్ని నగరాల్లో జనం టూరిస్టులు వద్దని ఎందుకు గొడవ చేస్తున్నారు?

లాభం ఒకరికి, ఇబ్బంది మరొకరికి దక్కుతోంది కాబట్టి. వాళ్ల కోపంలో న్యాయముంది. వెనిస్ పాత నగరంలో 1951లో సుమారు 1.75 లక్షల మంది ఉండేవారు, 2022కి 50 వేల కంటే తగ్గిపోయారు. ఇళ్లు టూరిస్టుల అద్దె గదులైపోయాయి. ఒకరోజు సందర్శకులు వస్తారు, వంతెనలు కిక్కిరిసిపోతాయి, చెత్త మిగులుతుంది. రాత్రికి ఉండరు కాబట్టి హోటల్ పన్ను కూడా రాదు. అందుకే 2024 ఏప్రిల్ నుంచి రద్దీ రోజుల్లో ఒకరోజు సందర్శకుల దగ్గర 5 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టారు. రాత్రి బస చేసేవారికి ఆ రుసుము లేదు. బార్సిలోనా నగర పాలక వర్గం సుమారు 10 వేల టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు నాటికి రద్దు చేస్తామని 2024లో ప్రకటించింది. ఇంటి అద్దె భరించలేక ఊరు వదిలేవాళ్లకు పర్యాటక ఆదాయం అంకెలు చూపించి లాభం లేదు.

ఎక్కువమంది రావడం మంచిదా, తక్కువమంది వచ్చి ఎక్కువ ఖర్చు చేయడం మంచిదా?

ఆ దేశం ఎంతమందిని మోయగలదో దాన్ని బట్టి. అడవికి, కొండకు, పగడాల దీవికి రువాండా పద్ధతే సరైనది. మహానగరాలు ఎక్కువమందిని తట్టుకుంటాయి. అయితే ధరలు పెంచడమే మార్గమనుకుంటే మధ్యతరగతి ప్రయాణికుడు ఎక్కడికీ వెళ్లలేడు. నన్నడిగితే వచ్చినవాళ్లు ఇంకో రెండు రాత్రులు ఎక్కువ ఉండేలా చేయడం మేలు. విమానం పొగ అంతే, వీసా పని అంతే, ఖర్చు మాత్రం చిన్న ఊళ్లకూ పాకుతుంది.

దేశీయ పర్యాటకులు చాలరా?

చాలా దేశాల్లో సంఖ్య వాళ్లదే ఎక్కువ. కోవిడ్ సమయంలో హోటళ్లను నిలబెట్టింది కూడా వాళ్లే. వాళ్ల ఖర్చుతో డబ్బు దేశం లోపల ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి వెళుతుంది, విదేశీ మారకద్రవ్యం మాత్రం రాదు. రెండూ ఉంటే ఒకటి తగ్గినప్పుడు ఇంకొకటి ఆదుకుంటుంది.

నా దేశానికి నిజంగా లాభం వస్తోందో లేదో తెలుసుకోవాలంటే ఏ అంకెలు చూడాలి?

వచ్చినవాళ్ల సంఖ్య ఒక్కటే చూడకండి. సగటున ఎన్ని రాత్రులు ఉన్నారు, రోజుకు ఎంత ఖర్చు చేశారు, రద్దీ నెలలకూ ఖాళీ నెలలకూ తేడా ఎంత, రాజధాని బయటికి ఎంతమంది వెళ్లారు అన్నవి వెతకండి. సొంత దేశం వాళ్లు విదేశాల్లో చేసే ఖర్చు తీసేస్తే ఎంత మిగులుతుందో కూడా చూడండి. చాలా దేశాలు 'పర్యాటక ఉపగ్రహ ఖాతా' అనే నివేదిక విడుదల చేస్తాయి. హోటళ్లు, రవాణా, గైడ్లు లాంటి వేర్వేరు రంగాల్లో చెదిరి ఉన్న పర్యాటకం వాటాను ఒకచోట చేర్చి లెక్కగట్టే పద్ధతి అది. అందులో మొత్తం ఖర్చుకూ, దేశం లోపల పుట్టిన విలువకూ వేర్వేరు అంకెలుంటాయి. రెండో అంకెను పట్టుకోండి. అది ఏటా పెరుగుతుంటే, పర్యాటక ప్రాంతంలో ఇళ్ల అద్దెలూ జీతాలూ ఎలా మారుతున్నాయో దాని పక్కన పెట్టి చూడండి.